జంటతెరల సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "రెండు తెరలయందు రెండు షీట్లను పక్కపక్కన తెరచి, కన్నులారా సరిచూచి, టిక్కు పెట్టి పంపవలెను."

అవతారిక. నెలనెలా జీఎస్టీ దాఖలుకు ముందు లెక్కల విభాగాల్లో ఉపదేశించే సూత్రమిది. ఒక తెర మీద కొనుగోళ్ల రిజిస్టరు, రెండో తెర మీద పోర్టల్ నుంచి దించిన జీఎస్టీఆర్-2బి. అమ్మినవాళ్లు చూపిన బిల్లులూ మనం రాసుకున్న బిల్లులూ కలిస్తేనే ఇన్‌పుట్ క్రెడిట్ నిశ్చింతగా తీసుకోవచ్చు కనుక పని గొప్పదే. ఉపదేశించేవారి గాంభీర్యం అంతకంటే గొప్పది. రెండో మానిటర్ మంజూరు చేయించిన అధికారి, దానితో తప్పులన్నీ తీరిపోయినట్టే మాట్లాడతాడు. మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఇక్కడ ఆ నియమం పాటిస్తే వ్యాఖ్య ఒక్క పంక్తిలో ముగుస్తుంది కాబట్టి పాటించడం లేదు. తెర, షీటు, టిక్కు అందరికీ తెలిసినవే, ప్రతిపదార్థం వదిలేస్తున్నాం. చిక్కంతా సరిచూడటం దగ్గర ఉంది.

పక్కపక్కన తెరవడం పూర్వం తపస్సే. ఎక్సెల్ 2010 వరకూ ఫైళ్లన్నీ ఒకే విండోలో కాపురముండేవి. ఆ విండోను రెండు తెరల మీదికీ సాగదీయాలి, లేదా ప్రోగ్రాంనే రెండోసారి తెరవాలి. 2013 నుంచి ఏ ఫైలు విండో దానిదే. అయినా 'వ్యూ సైడ్ బై సైడ్' నొక్కితే చాలాసార్లు ఒకదాని నెత్తిన ఒకటి కూర్చుంటాయి. వాటిని సర్దుకున్నాక 'సింక్రనస్ స్క్రోలింగ్' అనే మహిమ మొదలవుతుంది: ఇక్కడ పది వరసలు జరిపితే అక్కడా పది జరుగుతాయి. జరిగేవి వరసలే, జతపడేవి బిల్లులు కావు. ఎడమ షీటులో 212వ వరసలో ఒక్క బిల్లు ఎక్కువుందంటే, అక్కణ్ణుంచి చివరిదాకా ప్రతి బిల్లూ పొరుగు బిల్లుతో జోడీ కడుతుంది.

రెండింటిని కలిపి నడపడమెలాగో పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన చూపించాడు. రాఘవపాండవీయంలో రామాయణ భారతాలు రెండూ ఒకే పద్యంలో, ఒకే అక్షరాల వరసలో నడుస్తాయి. ఇలాంటిది భీమకవి రాశాడని పెద్దలు చెప్పడమే గాని చూసినవారు లేరని సూరనే అన్నాడు; అంటే తెలుగులో మాదిరి ఫైలు కూడా లేకుండా మొదలుపెట్టాడన్నమాట. ఒక కథకు సంస్కృత సమాసంగా చదివిన అక్షరాలనే ఇంకో కథకు విరిచి చదివితే తెలుగు మాటలుగా తేలతాయి. విరుపు మారితే రాజు మారతాడు, ఊరు మారుతుంది. సభంగశ్లేష అంటే అదే. అయితే రెండు కథల కొలతలు ఒకటి కావు. అన్నదమ్ములు అక్కడ నలుగురు, ఇక్కడ అయిదుగురు. వనవాసం అక్కడ పద్నాలుగేళ్లు, ఇక్కడ పన్నెండు, పైన ఒక ఏడు అజ్ఞాతం. వరసకు ఎదురుగా వరస పెట్టుకుంటూ పోయి ఉంటే, సముద్రం దాటిన హనుమంతుడు విరాటుడి వంటశాలలో దిగేవాడు (అక్కడ గరిటె పట్టుకున్నదీ వాయుపుత్రుడే కాబట్టి ఆతిథ్యానికి లోటుండేది కాదు). సూరన వరస చూడలేదు, సామ్యం చూశాడు: వేటలో మునికుమారుణ్ణి కొట్టి శాపం తిన్న దశరథుడికి, వేటలోనే కిందముడనే మునిని కొట్టి శాపం తిన్న పాండురాజు.

ఎక్కడున్నాం? జీఎస్టీ దగ్గర. అమ్మినవారి పదిహేను అక్షరాల జీఎస్టీఐఎన్‌నూ బిల్లు నంబరునూ కలిపి ఎక్స్‌లుకప్ రాస్తే, వరస ఎలా ఉన్నా జోడు దొరుకుతుంది. దొరకనిది లేదని ముఖం మీదే చెబుతుంది. దానికి ఒక్క తెర చాలు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: పోర్టల్‌లో 007 అనీ రిజిస్టరులో 7 అనీ ఉంటే ఫార్ములా వేరంటుంది, కన్నయితే ఒకటేనని పట్టేస్తుంది కదా? ఆక్షేపణలో పస ఉంది. పాఠాంతరాలు తేల్చేది పండితుడే. కానీ పండితుడి ముందు పెట్టాల్సింది తేడా వచ్చిన ముప్పై బిల్లులను, మూడు వేల బిల్లుల గ్రంథాన్ని కాదు. పైగా కంటికి అంకె కనిపిస్తుంది, దాని వెనకున్న ఫార్ములా కనిపించదు. ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్‌ల 2010 నాటి ప్రసిద్ధ పత్రంలో సగటు లెక్క అయిదు దేశాలను వదిలేసింది. ఆ దేశాల వరసలు షీటులో వాటి చోట అవి ఉన్నాయి. 49వ వరసదాకా వెళ్లాల్సిన ఫార్ములా 44 దగ్గరే ఆగింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి అసలు షీటు తెప్పించుకుని చూస్తేగాని ఆ సంగతి బయటపడలేదు. అచ్చు అదే షీటును రెండో తెర మీద పెట్టి ఎన్నిసార్లు పోల్చినా రెండూ ముచ్చటగా కలిసేవి.

ఇక టిక్కు. సూత్రకారుడి అసలు అభిప్రాయం ఇక్కడ దాగుంది. 2బి వచ్చేది నెల 14న, దాఖలు చేయాల్సిన జీఎస్టీఆర్-3బి గడువు 20. మధ్యలో వారమైనా లేదు. ఆ రాత్రుళ్లు కూర్చుని టిక్కు పెట్టేది కింది ఉద్యోగి. ఒకటి తప్పిపోతే "నువ్వే కదా చూసింది" అనిపించుకునేదీ అతనే. సూత్రం తప్పును పట్టడానికి పుట్టలేదు, తప్పు పడాల్సిన తలను ముందే ఏర్పాటు చేయడానికి పుట్టింది. ఈలోగా రిజిస్టరు 'ఫైనల్', 'ఫైనల్-2', 'సర్ కరెక్షన్స్' అని మూడు ప్రతులుగా మెయిల్లో తిరుగుతుంటుంది. ఏది మూలమో చెప్పకుండా వ్యాఖ్య రాయమంటే మల్లినాథుడైనా ఘంటం కింద పెట్టేవాడు.

అయితే రెండో తెర తీసేయమంటారా? అక్కర్లేదు. ఒకవైపు బిల్లు పీడీఎఫ్ తెరిచి మరోవైపు ఎంట్రీ చేసేవాళ్లకు అది నిజంగా సుఖం. సూత్రంలో 'కన్నులారా' తీసేసి, తుది ప్రతి ఏదో తేల్చి పంపినవారు తమ పేరు రాయవలెనని చేరిస్తే, ఈ టీకను ఉపసంహరించుకోవడానికి అభ్యంతరం లేదు.