గుంతకు నీలి టిక్కు

సమస్యలుంటే ఆఫీసు చుట్టూ తిరగొద్దని, తనను ట్యాగ్ చేస్తే చాలని మా ఎమ్మెల్యే గారు ఈ వారం సెలవిచ్చారు కదా. అది విన్నప్పటి నుంచి మా ఊరి ఆర్ అండ్ బీ రోడ్డు మలుపులో ఉన్న గుంతకు ఒకటే దిగులు. మూడు వానాకాలాలు చూసిన గుంత. లారీ టైరు మింగేంత పెద్దదే గానీ, పాపం, అకౌంటు లేదు.

సరే, మేమే తెరిచిపెట్టాం. ఫొటోకి ఇబ్బంది లేదు, వాన వెలిశాక ఆకాశమంతా అందులోనే ఉంటుంది. పుట్టిన తేదీ అడిగితే కాంట్రాక్టరు బిల్లు ఎత్తుకున్న రోజు వేశాం. మొర 280 అక్షరాలు దాటకూడదట. కొమ్మూ సున్నా కూడా విడివిడిగా లెక్కే. 'గుంత' అనేసరికే నాలుగు ఖర్చు. మిగిలిన 276లో రెండు బైకులనూ ఒక ఆటోనూ పాలవాడి క్యానునూ ఎలాగో పట్టించాం. డబ్బు కట్టి నీలి టిక్కూ తెచ్చాం. తట్టెడు కంకర రాని చోటికి టిక్కు వచ్చింది.

అయ్యగారు లైకు కొట్టారు. రెండు చేతుల నమస్కారం పెట్టారు. మర్నాడు స్వయంగా వచ్చి గుంత పక్కన నిలబడి రీలు తీయించుకున్నారు. డ్రోను ఎగిరింది, పాట మోగింది, కారు గుంతను తప్పించుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు గుంతకు ఫాలోయర్లు పెరిగారు, పూడిస్తే అభిమానులు బాధపడతారని పీఏ గారి బెంగ.

గుంత ఒక్కటే అడిగింది, ఎప్పుడు పూడుస్తారని. బ్లాక్ చేశారు.

నవ్వులాట చాలు. ఇదే గుంత గురించి శాసనసభలో ప్రశ్న వేస్తే మంత్రి జవాబు రికార్డుకెక్కుతుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. పోస్టుకేముంది? తెల్లారేలోగా తీసేయొచ్చు. కాకపోతే ప్రశ్న వేయాలంటే సభకు వెళ్లాలి. అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రానివారి సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణం చెబుతోంది. ఫోనులో రోజూ కనబడితే హాజరు వేసుకోమని అందులో ఎక్కడా లేదు.

మొన్న రాత్రి ఈ గుంతలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్న ముసలమ్మకు ఫోనే లేదు. ఆమె ఎవరిని ట్యాగ్ చేయాలి? అయ్యా, ఓటు కావలసినప్పుడు తమరు ఆమెను ట్యాగ్ చేయలేదు. గుమ్మం దాకా నడిచొచ్చి కాళ్లకు దణ్ణం పెట్టారు. ఇల్లు మరిచిపోయి ఉంటే గుర్తు చెబుతున్నా: గుంత దాటగానే ఎడమవైపు మొదటిది.