కొటేషన్లలో పుట్టిన పేరు

నేనొక టేబుల్‌ని, ఉండేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో. ఆర్డర్ల వివరాలన్నీ నాలోనే కాబట్టి 'ఆర్డర్స్' అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లు ఇంగ్లిష్‌లో మొదటి 'ఓ'ని పెద్దక్షరంగా రాసి, పేరుకు డబుల్ కొటేషన్లు తగిలించారు. నా కష్టమంతా ఆ కొటేషన్లతోనే మొదలైంది. కొటేషన్లు లేని పేరును పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాల్లోకి మార్చేసుకుంటుంది, ఉన్నదాన్ని ముట్టుకోదు. అందుకే కేటలాగులో నేను పెద్ద 'ఓ'తోనే నమోదయ్యాను. కొటేషన్లు మరిచి క్వెరీ రాస్తే, పెద్ద 'ఓ' టైపు చేసినా సరే, వెతికేది చిన్న 'ఓ' పేరునే. లక్షల వరుసలు కడుపులో పెట్టుకుని నేనిక్కడే ఉండగా, అలాంటి రిలేషనే లేదని ఎర్రర్ వస్తుంది.

పేర్లలో ఈ పెద్దా చిన్నా అక్షరాల చిక్కు పోస్ట్‌గ్రెస్ ఒక్కదానిదే అనుకుంటే పొరపాటు. ఎస్‌క్యూఎల్ ప్రమాణం ప్రకారం కొటేషన్లు లేని పేరు పెద్దక్షరాల్లోకి మారాలి, ఒరాకిల్ అలాగే చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో కాలమ్ పేర్లకు పెద్దా చిన్నా తేడా లేదు; టేబుల్ పేర్లకు మాత్రం లినక్స్‌లో ఉంటుంది, విండోస్‌లో ఉండదు. విండోస్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు లినక్స్ సర్వర్ ఎక్కగానే ఆగిపోయేది ఇందుకే. ఈ తేడాను శాసించే సెట్టింగ్ మార్చుకుందామన్నా, మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి సర్వర్‌ను తొలిసారి సిద్ధం చేసేటప్పుడే అది కుదురుతుంది. ఇన్ని పద్ధతుల మధ్య ఎక్కడికెళ్లినా చెల్లేది ఒక్కటే: చిన్నక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్, కొటేషన్లు వద్దు. (తెలుగు లిపిలో పెద్దా చిన్నా తేడాయే లేదు, తెలుగు పేరైతే ఈ గొడవ ఉండేది కాదు. కానీ పోస్ట్‌గ్రెస్ పేరుకిచ్చే చోటు 63 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 చొప్పున, ఒత్తులూ గుణింతాలూ కలిపి 21కే నిండిపోతుంది.)

పెద్దక్షరాలు కలిస్తేనే చదవడం తేలిక, కోడ్‌లోనూ అవే పేర్లు కదా అంటారు. కోడ్‌కూ టేబుల్‌కూ పొంతన ఒక్కచోట రాస్తే చాలు. కొటేషన్లయితే ప్రతి క్వెరీలోనూ, ప్రతి రిపోర్టులోనూ పెట్టాలి. ఇక 'ఆర్డర్', 'యూజర్' వంటి రిజర్వుడ్ పదాలకు కొటేషన్లు తప్పవంటారు. అది వేరే పేరు వెతుక్కోవడానికి కారణం, కొటేషన్లకు కాదు.

ఇప్పుడు నా పేరు మార్చేస్తే పాత కోడ్ విరుగుతుందన్న భయం మాత్రం నిజమైనదే. అందుకు చిన్నక్షరాల పేరుతో నా మీద ఒక వ్యూ కడితే చాలు. పోస్ట్‌గ్రెస్ 9.3 నుంచి అలాంటి మామూలు వ్యూలోకి ఇన్సర్టులు, అప్‌డేట్లు కూడా నేరుగా చేయొచ్చు. కాలమ్ పేర్లనూ అక్కడే చిన్నక్షరాల్లోకి దించుకోవచ్చు.