బరువులెత్తే పిల్లాడు

"వాడు బరువులెత్తే పిల్లాడు, వాడికెందుకే కోత? నీకైతే కాన్పుతోపాటే అయిపోతుంది." రెండో కాన్పు దగ్గరపడిన కోడలికి అత్తగారు ఉచితంగా ఇచ్చే వైద్య సలహా ఇది. కోడలు బరువులెత్తదన్నమాట! నెత్తిన గడ్డిమోపు, చేతిలో నీళ్ల బిందె, చంకలో పెద్దపిల్ల... ఇవేవీ మనింటి తూకంలో బరువుల కిందకి రావు.

ఇంతకీ ఆ కోత సంగతేమిటి? పిల్లలు పుట్టకుండా మగవాళ్లకు చేసే వేసెక్టమీకి ఇప్పుడు కత్తి కూడా అక్కర్లేదు. మత్తు ఆ చోటు వరకే. చిన్న రంధ్రం, పావుగంట పని, కుట్లు లేవు, ఆ పూటే ఇంటికి. ఆడవాళ్లకైతే పొట్ట తెరవాలి, ప్రమాదమూ ఎక్కువే. అందుకని మనం బాగా ఆలోచించి కష్టమైనదాన్నే ఎంచుకున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 69.6 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. భర్త చేయించుకున్న ఇళ్లు 0.4 శాతం. ఆ భర్తలు ఎక్కడున్నారో కనుక్కుని శాలువాలు కప్పాలి.

అదే సర్వేలో ఇంకో ముచ్చట. రాష్ట్రంలో రక్తహీనత ఆడవాళ్లలో 58.8 శాతం, మగవాళ్లలో 16.4 శాతం. అంటే ఇద్దరిలో రక్తం తక్కువున్న మనిషినే ఏరికోరి బల్లెక్కిస్తున్నాం. ఎందుకు తక్కువైందో డాక్టర్ని అడగక్కర్లేదు, రాత్రి తొమ్మిదింటికి వంటింట్లోకి తొంగి చూస్తే చాలు. గుడ్డు ఆయనకీ, పిల్లలకీ అయిపోతుంది. ఆవిడ గిన్నె అడుగు పులుసులో అన్నం కలుపుకుంటూ ఉంటుంది. అదేమంటే "నాకు గుడ్డు పడదండీ" అంటుంది. కూలిచేసే ఇళ్లలో ఆడవాళ్లెవరికీ గుడ్డు పడకపోవడం వైద్యశాస్త్రానికి ఇంకా అందని వింత.

మగాడి భయానికి చరిత్ర ఉంది, కాదనను. ఎమర్జెన్సీలో బలవంతపు వేసెక్టమీలు చేశారు, 1977లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. పాలకులకు ఆ పాఠం బాగా వంటబట్టింది. టార్గెట్లన్నీ ఆడవాళ్ల వైపు తిప్పారు. దానికి మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పడిపోలేదు.

డబ్బున్న ఇల్లాలికి కాపర్ టీ, మాత్రలు, నచ్చిన డాక్టరు, నచ్చిన తేదీ. పేదింటి ఇల్లాలికి ఆపరేషన్ల క్యాంపు. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు తల్లులు చనిపోయారు.

ఇప్పుడేమో జనాభా తగ్గిపోతోందని ఏలినవారికి బెంగ పట్టుకుంది. ఇద్దరికి మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ ఎత్తేసింది. ఎక్కువమందిని కనమంటున్నారు. ఆపమన్నప్పుడూ ఆవిడే, కనమన్నప్పుడూ ఆవిడే.

అయ్యలారా, పిల్లలు చాలనుకుంటే వేసెక్టమీ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. చేయించుకున్నందుకు ఎదురు డబ్బులు కూడా ఇస్తారు. మగతనం ఎక్కడికీ పోదు, బస్తాలు మునుపటిలాగే ఎత్తుకోవచ్చు. మూడు నెలలపాటు వేరే జాగ్రత్త పాటించి, ఆ తర్వాత వీర్యపరీక్ష చేయించుకోవాలి, అంతే. ఈసారి ఓపీ చీటీ మీ పేరున రాయించండి.