టిక్కు పడితే చదువు వచ్చినట్టే!

"ఎల్‌కేజీ నుంచి పదో తరగతి వరకు ట్యూషన్ చెప్పబడును. హోంవర్క్ పూర్తి చేయించబడును." మన వీధుల్లో గేట్లకు వేలాడే ఈ ఫ్లెక్సీల్లో రెండో వాక్యం అక్షరాలే పెద్దవిగా ఉంటాయి. ఏ సరుకుకు గిరాకీ ఉందో వ్యాపారికి తెలుసు.

పిల్లవాడు స్కూలు బస్సు దిగుతాడు, పాలు తాగుతాడు, అదే సంచి మళ్లీ భుజాన వేసుకుని ట్యూషన్‌కి బయల్దేరతాడు. అక్కడ డిగ్రీ చదువుకునే ఓ అక్క, చాప మీద పాతికమంది. తరగతులు ఎనిమిది, స్కూళ్లు అయిదు, సమయం గంటన్నర. రామానుజన్‌కైనా తెగని ఈ లెక్కను అక్క రోజూ తెగ్గొడుతుంది. యూకేజీ పాపకు చుక్కలు పెట్టిస్తే పాప కలుపుతుంది. నాలుగో తరగతి వాళ్లు బోర్డు మీది భాగహారాన్ని దించుకుంటారు. ఎనిమిదో తరగతి వాడికి గైడులో పెన్సిల్‌తో బ్రాకెట్టు పెట్టి, "ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా రాసెయ్" అంటుంది. ఏడున్నరకల్లా సమస్త విద్యలూ సమాప్తం. డైరీలో అమ్మ సంతకం ఒక్కటే బాకీ.

ప్రాజెక్టు వర్క్ అయితే ఈపాటి శ్రమ కూడా లేదు, స్టేషనరీ షాపు ఉంది. థర్మకోల్ సౌర కుటుంబం రెడీమేడ్‌గా దొరుకుతుంది. ప్లూటోకు గ్రహం హోదా 2006లోనే పోయింది కానీ, పాత స్టాకు అమ్ముడుపోయేదాకా షాపువాడికి గ్రహాలు తొమ్మిదే.

మర్నాడు టీచరమ్మ ముందు నోటుబుక్కుల గుట్ట. అన్నీ ఒప్పులే! తప్పు ఉన్నా, ఒకే ట్యూషన్ పిల్లలందరికీ అదే వరసలో అదే తప్పు. ఎర్ర పెన్ను టిక్కు కొడుతుంది, "గుడ్" అంటుంది. బడికి పని అయింది, అమ్మకు నిశ్చింత, అక్కకు ఫీజు. అందరికీ లాభమే. భాగహారంలో శేషం ఎందుకు మిగులుతుందో పిల్లవాడికి మాత్రం ఇంకా తెలియదు. వాడికి తెలియదన్న సంగతి టీచరుకూ తెలియదు. అది తెలుసుకోవడానికే కదా హోంవర్క్ ఇచ్చింది!

ప్రభుత్వం ఊరుకుందనుకోకండి. ప్రాథమిక తరగతులకు హోంవర్క్ వద్దని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా అసలే వద్దంది, 3 నుంచి 5 తరగతులకు వారానికి రెండు గంటలు మించొద్దంది. మన స్కూళ్లు ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. కాకపోతే వారం అన్నచోట రోజు అని చదువుకున్నాయి, అంతే.

అంకెలు కావాలా? పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో డబ్బు కట్టి ట్యూషన్‌కి వెళ్లే పిల్లలు 2018లో 26.4 శాతం, 2022లో 30.5 శాతం. అదే కాలంలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 27.3 నుంచి 20.5 శాతానికి పడిపోయారు. మధ్యలో కోవిడ్ వచ్చిన మాట నిజమే, నేరమంతా ట్యూషన్‌ది కాదు. కానీ ఫ్లెక్సీలు పెరిగినంత మాత్రాన చదువు పెరగదని చెప్పడానికి ఇది చాలు.

తల్లిదండ్రుల్ని ఆడిపోసుకోవడం సులువు. తెలుగు మీడియంలో ఏడో తరగతితో ఆపేసిన అమ్మ చేతిలో ఇంగ్లిషు వర్క్‌షీటు పెట్టి, "మీరు దగ్గరుండి చేయించండి" అంటే ఆమె ఎక్కడికి పోతుంది? అక్క దగ్గరికే. ఆ అక్కైనా పాతికమందిలో ఎవరికని విడమరిచి చెబుతుంది? నాలుగు రోజులు కూర్చోబెట్టి ఒక్క లెక్క అర్థమయ్యేలా చెబితే, "హోంవర్క్ అవ్వట్లేదు" అని పిల్లల్ని పక్క వీధి ట్యూషన్‌లో చేర్పించేస్తాం. పూర్తి చేయడమే అమ్మకానికి పెట్టించింది మనం, పూర్తి కాకపోతే ఇంపోజిషన్ రాయించే బడి.

కాబట్టి అక్కలకో విన్నపం: రాని లెక్కను ఖాళీగా వదిలేసి పంపండి. బడికి ఇంకొకటి: ఆ ఖాళీ చూసి ఇంపోజిషన్ ఇవ్వకండి, ఆ పాఠం మళ్లీ చెప్పండి. మీకు ఫీజు కడుతున్నది టిక్కులు కొట్టడానికి కాదు.