‘సీరియస్’కు సంజీవని

మూలం: “మురుగుకాలువలో పూడికపై కలెక్టర్ సీరియస్.”

ఉపోద్ఘాతం: కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని పేర టీక రాస్తూ, ఆధారంలేని మాట ఒక్కటీ రాయనని ఒట్టుపెట్టుకున్నాడు. మన నియమమూ అదే. ఆధారం, దినపత్రిక జిల్లా పేజీ.

ప్రతిపదార్థం: మురుగుకాలువలో = మురుగు పారవలసిన కాలువయందు; పూడికపై = ఏళ్లతరబడి పేరుకొన్న మట్టిని గూర్చి; కలెక్టర్ = జిల్లాకు అధిపతియైనవాడు; సీరియస్ = సీరియస్.

అన్వయం: వాక్యంలో క్రియ లేదు. ‘అయ్యారు’ అని అధ్యాహారం చేసుకోవాలి. శీర్షికలో చోటు చాలక సబ్ ఎడిటర్ దాన్ని లోపింపజేశాడని ఒక మతం. అక్కడ నిజంగానే ఏ క్రియా జరగలేదు గనుక వేయలేదని ఆ వీధివాళ్ల మతం. రెండోదే సమంజసం.

శంక: కలెక్టర్‌కు ఒంట్లో బాగాలేదని ఎందుకు చెప్పుకోకూడదు? ఆస్పత్రి వరండాలో ‘పేషెంట్ సీరియస్’ అంటే అదే కదా! ‘మదర్ సీరియస్’ అని టెలిగ్రాం వస్తే కొడుకు పరుగున రైలెక్కాడే గాని, అమ్మకు ఎవరిమీద కోపమొచ్చిందని అడగలేదు. (సెలవు కోసం ఆ టెలిగ్రాం తామే ఇప్పించుకున్న ఉద్యోగుల ప్రయోగం వేరు. అందులో జబ్బూ లేదు, కోపమూ లేదు. 2013 జూలైలో టెలిగ్రాం సేవే ఆగిపోయాక ఆ శాఖ అంతరించింది.)

సమాధానం: కూడదు. ‘పూడికపై’ అన్నది అడ్డం. జబ్బు ఊరికే చేస్తుంది, కోపం దేనిమీదనో వస్తుంది. ‘హైకోర్టు సీరియస్’ వంటి చోట ‘పై’ లేకపోయినా చిక్కులేదు. భవనానికి జ్వరం రాదు.

శబ్దవిచారం: చిన్నయసూరి చెప్పిన తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యాల్లో ఇది దేనిలోనూ ఇమడదు. పోనీ ఇంగ్లీషుదే అనుకుందామంటే, ‘సీరియస్ అవడం’ అంటే మండిపడడం అన్న అర్థం వాళ్లకు లేదు. రూపం వాళ్లది, కోపం మనది. దీనికి విరుగుడుగా ‘లైట్ తీస్కో’ను హైదరాబాదు కుర్రకారు ఎప్పుడో సిద్ధంచేశారు. పై వార్త చదివిన మున్సిపల్ సిబ్బందీ దాన్నే పాటించినట్టు కనబడుతుంది.

రసం: రౌద్రం అని తొందరపడరాదు. రౌద్రానికి స్థాయీభావం క్రోధం, అది కడదాకా నిలవాలి. ఆలంకారికులు లెక్కపెట్టిన 33 సంచారీభావాల్లో ఉగ్రత ఒకటి, అది వచ్చిపోయేది. మన సీరియస్ ఆ జాతిది. కారు దిగగానే పుడుతుంది, కారెక్కగానే శమిస్తుంది. ఇందులో ఆలంబనం శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఉద్దీపనం ఫొటోగ్రాఫర్. కళ్లజోడు తీయడం, కాలువవైపు వేలు చూపడం, “ఏం చేస్తున్నారయ్యా మీరంతా?” అనడం అనుభావాలు. ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకొని నేలచూపులు చూడడాన్ని కొందరు కరుణమన్నారు గాని, అది ఒట్టి అలవాటు.

వ్యంగ్యార్థం: ఒక మెమో. ఆ మెమోకు ఒక జవాబు.

తాత్పర్యం: ఆయన వచ్చాడు, చూశాడు, అన్నాడు, వెళ్లాడు.

పాఠాంతరం: పక్క పత్రికలో ‘కలెక్టర్ ఆగ్రహం’ అని ఉంది. అర్థభేదం లేదు. నిరుటి ప్రతిలో కలెక్టర్ మాత్రం వేరొకరు. కాలువ అదే.