గ్లాసులో మేత

కైకలూరు రొయ్యల రైతులకూ డీలర్లకూ మేత అమ్మాలంటే ముందుగా కంపెనీ వ్యవస్థాపకుడి ఫొటో చూపించాలి. ఆయన కోటు తొడుక్కుని చేతులు కట్టుకుని నిలబడి ఉండాలి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి ఏరేటర్ల దగ్గరికి పరిగెత్తే మనిషికి ఆ ముఖం కొండంత ధైర్యం!

ఆ తర్వాత ప్రపంచపటం, దాని నిండా ఎర్రచుక్కలు. వాటిలో కలిదిండి, మండవల్లి ఉండనక్కర్లేదు. ఆపైన ఒక పిరమిడ్. ఈజిప్టు పిరమిడ్‌లో శవమైనా ఉండేది.

మొన్న విజయవాడ బందరు రోడ్డులో ఒక హోటల్ ఏసీ హాల్లో ఈ తంతంతా చూసే భాగ్యం నాకు కలిగింది. స్లయిడ్లు నలభై రెండు. వాటిని మేత కంపెనీ కుర్రాడు తయారుచేసింది ఎదురుగా కూర్చున్నవాళ్ళ కోసం అనుకుంటే మన అమాయకత్వం. వెనక వరసలో కూర్చున్న జోనల్ మేనేజర్ కోసం. ప్రతి స్లయిడ్‌కీ కుర్రాడి చూపు అటే పోతోంది.

ఈ స్లయిడ్ల పిచ్చికి మనకో స్థలపురాణం కూడా ఉంది. 1997లో చంద్రబాబు నాయుడు ఢిల్లీలో బిల్ గేట్స్‌కి ల్యాప్‌టాప్ తెరిచి చూపించారు. మరుసటేడు మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో కేంద్రం పెట్టింది. కంపెనీకి ప్రోగ్రామర్లు దొరికే ఊరు కనబడింది, మనవాళ్ళకి ల్యాప్‌టాప్ ఒక్కటే కనబడింది.

తొమ్మిదో స్లయిడ్ దగ్గర ముందు వరసలో ఒక పెద్దాయన చెయ్యెత్తారు.

"బాబూ, నగదుకెంత, అరువుకెంత?"

"సార్, క్వశ్చన్స్ లాస్ట్‌లో తీసుకుంటాం."

రొయ్యల సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. కిలో రొయ్య తయారవడానికి కిలో రెండొందల గ్రాములు పడుతుందా, కిలోన్నర పడుతుందా? టన్ను పట్టుబడికి తేడా మూడొందల కిలోలు. ఆ మూడొందల కిలోల దగ్గరే లాభమో, మళ్ళీ బ్యాంకో తేలిపోతుంది. ఈ లెక్క ఒక్క స్లయిడ్‌లోనూ లేదు. ఎగుమతుల బాణం మాత్రం ఏటవాలుగా ఎగబాకి సీలింగు తాకింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి ఎక్కించిన సంగతి పాపం ఆ బాణానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

పెద్దాయన మళ్ళీ నోరెత్తలేదు. బల్లమీది శాంపిల్ పొట్లం చింపారు. చిటికెడు గుళికలు తీసి వాసన చూశారు, వేళ్ళ మధ్య నలిపారు, నీళ్ళ గ్లాసులో వేసి వాచీ చూసుకున్నారు. మంచి మేతయితే రెండు గంటలు నానినా గుళిక గుళికలాగే ఉండాలి. చెక్ ట్రేలో వేసి చెరువులోకి దించినప్పుడు రొయ్య వచ్చి తినేదాకా ఆగాలి కదా! కరిగిపోతే నీళ్ళ పాలు, ఆ నీళ్ళు కుళ్ళితే పంట చెరువు పాలు.

ఇరవయ్యో స్లయిడ్‌కి గుళికలు ఉబ్బాయి. ముప్పయ్యోదానికి బిర్యానీ వాసన హాల్లోకి వచ్చింది, పక్కవాళ్ళు మాత్రం తెరనీ తలుపునీ వదిలేసి గ్లాసు మీదికి వంగారు. నలభై రెండోది 'థాంక్యూ'. వెనక సూర్యాస్తమయం.

"ఎనీ క్వశ్చన్స్, సార్?"

పెద్దాయన లేచి, గ్లాసు తీసుకెళ్ళి ప్రొజెక్టర్ ముందు పెట్టి, భోజనాల వైపు నడిచారు. తెర మీద థాంక్యూని కప్పేస్తూ గంజిలాంటి నీడ మెల్లగా కదులుతోంది. వెనక వరసలో జోనల్ మేనేజర్ అదీ ఒక స్లయిడే అనుకుని చప్పట్లు కొట్టాడు.