సిరా అంటని వేలు

2018 డిసెంబరు 7, శుక్రవారం. పొద్దున్నే తలస్నానం చేసి మంగళగిరి చీర కట్టుకున్నాను. పెళ్ళికీ పేరంటానికీ కాదు, కేపీహెచ్‌బీ కాలనీలో ఒక స్కూల్లో పెట్టిన పోలింగ్ బూత్‌కి. ఓటేసి వచ్చాక వేలు చూపిస్తూ ఫొటో దిగాలి, అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాలి. ఏం రాయాలో కూడా రాత్రే అనుకుని పడుకున్నాను.

గేటు బయట బల్లలు వేసుకుని కూర్చున్న కుర్రాళ్ళు నా కార్డు తీసుకుని జాబితా ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరగేశారు. మొదటి బల్ల అబ్బాయి లేదన్నాడు. రెండో బల్ల అబ్బాయి కార్డు వెనక్కి తిప్పి అడ్రసు చదివి, నవ్వాపుకుంటూ అన్నాడు: "మేడం, ఇది గుడివాడ కార్డు."

గుడివాడదే. అక్కడి నుంచి ఇక్కడికి మార్చుకుందామని సెప్టెంబరులో ఆన్‌లైన్‌లో ఫారం 6 తెరిచాను. నా ఫొటో సైజు ఎక్కువైందని వెబ్‌సైట్ తిప్పికొట్టింది. తర్వాత చేద్దాంలే అనుకున్నాను. కొన్నాళ్ళకి చేసేశాననే అనుకున్నాను. పదమూడేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో అన్నం తింటున్న మనిషిని. ఒక ఫొటో సైజు తగ్గించలేకపోయాను.

ఓటు లేకపోవడం పెద్ద వింత కాదు. కూకట్‌పల్లిలో కాపురం ఇక్కడా, ఓటు ఊళ్ళోనూ ఉన్నవాళ్ళు కొల్లలు. వింత ఏమిటంటే, అంతకు ముందు మూడు వారాలు ఆడవాళ్ళు ఎవరికి ఓటెయ్యాలో ఊరందరికీ చెప్పింది నేనే.

నవంబరు మధ్యలో కూకట్‌పల్లికి టీడీపీ అభ్యర్థిగా నందమూరి సుహాసిని పేరు బయటికొచ్చింది. ఎన్టీఆర్ మనవరాలు, హరికృష్ణ కూతురు. నల్గొండ జిల్లాలో జరిగిన కారు ప్రమాదంలో ఆగస్టు 29న ఆయన పోయి మూడు నెలలు కూడా కాలేదు. ఎదురుగా మాధవరం కృష్ణారావు, సిట్టింగ్ ఎమ్మెల్యే. 2014లో ఇక్కడే టీడీపీ సైకిల్ మీద గెలిచి, ఆ తర్వాత కేసీఆర్ పార్టీ కారెక్కిన మనిషి. ఆవిడకి ఇదే మొదటి ఎన్నిక. ఆయనకి వీధివీధీ తెలుసు.

మా అపార్ట్‌మెంట్‌కి ఐదంతస్తులు, ఒకటే లిఫ్టు. ఆ మూడు వారాలూ లిఫ్టెక్కిన ఆడవాళ్ళెవరూ నా ఉపన్యాసం వినకుండా దిగలేదు. "నాలుగున్నరేళ్ళు రాష్ట్రాన్ని ఏలిన మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి కూడా లేదండీ. మనం కూడా మన మనిషికి వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారు?" మంత్రివర్గం మాట అబద్ధం కాదు. అందుకే గొంతు ఇంకాస్త లేచేది.

మూడో అంతస్తు పిన్నిగారు బ్యాంకులో ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "అంతా బాగానే ఉందమ్మాయ్, ఆ పిల్లకి అనుభవం ఏముందీ?" అన్నారు.

"మగవాళ్ళు అనుభవంతో పుట్టారా పిన్నిగారూ? అవకాశం ఇస్తేనే కదా అనుభవం!"

ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, అది టైప్ చేసి గ్రూపులో పెట్టాను. పదకొండు మంది దండాలు పెట్టారు. రెండేళ్ళ కిందట ఇదే గ్రూపులో ఏం రాశానో అప్పుడు గుర్తు రాలేదు. 2016 నవంబరులో అమెరికాలో హిల్లరీ క్లింటన్ ఓడిపోయిన రోజున, నాకు ఓటు లేని దేశం కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుని రాశాను: సెనేటర్‌గా, విదేశాంగ మంత్రిగా ఇంత అనుభవం ఉన్న ఆడమనిషిని కాదని, ఏ పదవీ చెయ్యని మగాడిని ఎన్నుకుంటారా అని. అప్పుడు అనుభవమే సర్వస్వం. ఇప్పుడు అనుభవంతో పనేమిటి? ఆడమనిషి అయితే చాలని ముందే తీర్పు రాసేసుకుని, దానికి పనికొచ్చే వాదం కోసం వెతుక్కున్నాను.

ఇక మా పాలమూరక్క దగ్గరికి వస్తాను. మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే ఆవిడది పాలమూరు వైపు పల్లె. మూసాపేట దగ్గర బస్తీలో ఉంటుంది. ఒక రోజు పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, వంటగది గుమ్మానికి ఆనుకుని మొదలుపెట్టాను.

"అక్కా, ఈసారి ఆడమనిషి నిలబడింది. మనం ఆడవాళ్ళం ఆవిడకే వెయ్యాలి."

గిన్నె మీద చెయ్యి ఆపకుండానే, "ఏమిటికమ్మా?" అంది.

"ఆడవాళ్ళ కష్టం ఆడవాళ్ళకే తెలుస్తుంది కదా."

అప్పుడు చెయ్యి ఆపింది. నా వైపు తిరిగి మామూలుగానే అడిగింది: "మీకు ఎరికేనా అమ్మా?"

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకుని తప్పించుకునేదాన్ని. అంతకు ముందు వారమే నడుం నొప్పని రెండు రోజులు రాలేదావిడ. చెప్పాపెట్టకుండా మానేస్తే జీతంలో కోస్తానన్నది నేనే.

నేను నోరు మెదపకపోయేసరికి ఆవిడే అందుకుంది. "ఆమె చెడ్డదని నేనంటలేనమ్మా. మా బస్తీకొచ్చింది, దండం పెట్టింది. పాపం, నాయిన పోయిన పిల్ల. గానీ రేపు నాకు పని పడితే ఎవల తలుపు కొట్టాల్నో తెల్వాలె గదా? పాతాయనైతే ఇల్లు తెలుసు, ఎంబడి తిరిగే పోరగాళ్ళు తెలుసు. పని చేస్తడా చెయ్యడా, అది తర్వాతి ముచ్చట. తలుపైతే తెలుసు."

అనుభవం అంటే అభ్యర్థి రెజ్యూమెలో ఉండేదని నేననుకుంటున్నాను. ఆవిడ లెక్కలో అది ఓటరు దగ్గర ఉండేది. ఏ తలుపు, ఏ వేళకి తీస్తారు, ఎవర్ని వెంటేసుకెళ్తే పని అవుతుంది, ఇదంతా ఐదేళ్ళు తిరిగి తిరిగి సంపాదించుకున్న చదువు. మనిషి మారితే ఆ చదువు మళ్ళీ అ ఆల దగ్గర మొదలు. బిల్లులు ఫోన్లో కట్టేసుకునే నాకు ఎమ్మెల్యే తలుపుతో పనేముంది? కొత్తవాళ్ళకి అవకాశం ఇవ్వమని ఎన్నిసార్లయినా చెప్పగలను. నాకు పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట కూడా చెప్పిందావిడ. ఆ వేసవిలో కూతురికి సర్కారు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. కేసీఆర్ కిట్ ఇచ్చారు. మగపిల్లాడైతే 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు. "మనవరాలు వెయ్యి ఎక్కువ తెచ్చిందమ్మా" అని మురిసిపోయింది. ఒక్క ఆడ మంత్రి లేని ప్రభుత్వమే ఆడపిల్లకి వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చింది. ఆ రెండో సంగతి నా ఉపన్యాసంలో ఎక్కడా ఇమడదు. అందుకని దాన్ని ఎవరికీ చెప్పలేదు.

ఇంతకీ నా మనసులో ఉన్నది నిజంగా ఆడతనమేనా? గుడివాడ పిల్లని. 1983లో ఎన్టీఆర్ గెలిచిన ఊరు, పక్కనే ఆయన పుట్టిన నిమ్మకూరు. మా తాతయ్య గదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన రామారావుగారి పటం ఉండేది. ఆ రెండు పటాల్లో ఉన్నది ఒక్కరే అని నేను చాలాకాలం అనుకున్నాను. కూతుళ్ళకి ఆస్తిలో వాటా ఆయన చలవేనని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ ఇంటి పిల్ల ఓపెన్ టాప్ జీపులో నిలబడి దండం పెడుతుంటే నాకు కనిపించింది అభ్యర్థి కాదు, మా తాతయ్య గది. ఇదే టికెట్ ఇంటిపేరు తెలియని ఏ మూసాపేట ఆడమనిషికో ఇచ్చి ఉంటే మంగళగిరి చీర తీసేదాన్నా? ఊరి మమకారానికి స్త్రీవాదం అని చీటీ అంటించి గ్రూపులో పంచాను.

ఇదంతా ఒక ఎత్తు. అదే నవంబరులో మాదాపూర్‌లో మా ఆఫీసులో నేను చేసింది ఇంకో ఎత్తు.

మా టీమ్‌లో ఒక ఖాళీ ఉంది. ఇంటర్వ్యూ ప్యానెల్లో నేనున్నాను. ఒకావిడ వచ్చింది. ఐదేళ్ళ పని, తర్వాత నాలుగేళ్ళ ఖాళీ. పాప పుట్టిందనీ, ఆ తర్వాత అత్తగారికి పక్షవాతం వచ్చిందనీ చెప్పింది. నాలుగు ప్రశ్నలడిగితే మూడింటికి చక్కగా చెప్పింది. నాలుగోది ఆవిడ మానేశాక వచ్చిన వెర్షన్ గురించి. తెలియదంది. తెలియదని అంత తిన్నగా ఒప్పుకున్నవాళ్ళు ఆ నెలలో ఇంకెవరూ లేరు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో నేను రాసింది ఒకే ఒక్క ముక్క: రీసెంట్ ఎక్స్‌పీరియన్స్ లేదు.

ఆ సాయంత్రమే లిఫ్టులో పిన్నిగారితో అన్నాను, అవకాశం ఇస్తేనే కదా అనుభవం అని.

ఆ ఉద్యోగం ఒకబ్బాయికిచ్చాం. కాగితం మీద ఆరేళ్ళ అనుభవం. అన్నిటికీ గడగడా చెప్పాడు. మూడు నెలల తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేలింది, ఆరింటిలో నాలుగేళ్ళు ఒక కన్సల్టెన్సీ లెటర్‌హెడ్ మీద పుట్టినవని. వెతుక్కుంటూ వెళ్తే తాళం వేసిన గది ఒకటి కనిపించిందట. నిజమైన ఐదేళ్ళని వెనక్కి పంపి, అచ్చేసిన నాలుగేళ్ళని లోపలికి తెచ్చుకున్నాను. ఆవిడ రెజ్యూమె నా మెయిల్లోనే ఉంది, ఫోన్ నంబరుతో సహా. తప్పు తెలిశాక ఫోన్ చేశానా? చెయ్యలేదు. ఏమని చెప్పాలో తోచలేదని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను.

ఎమ్మెల్యేని గెలిపించే శక్తి నాకు లేదు, ఓటే లేదు. ఆ గదిలో మాత్రం నా చేతిలో నిజమైన ఓటుంది, ముగ్గురిలో ఒకటి. పని లేని చోట ఆడతనం గుర్తొచ్చింది. చేతిలో పని ఉన్న చోట అనుభవం గుర్తొచ్చింది. చెప్పేవి శ్రీరంగనీతులని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

పోలింగు రోజు మధ్యాహ్నం పాలమూరక్క వచ్చింది. పొద్దున్నే లైన్లో నిలబడి ఓటేసిందట. ఎడమ చేతి చూపుడువేలి మీద గోరు నుంచి చర్మం దాకా నల్లటి గీత. సబ్బుతో అంత తోమినా చెక్కుచెదరలేదు. నా చేతి వైపు చూసింది.

"మీదేదమ్మా?"

"లిస్టులో పేరు లేదక్కా."

"అట్లెట్లమ్మా? మస్తు చెప్తిరి గదా!"

11వ తేదీన ఫలితాలొచ్చాయి. కృష్ణారావు 41 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద 119 మందిలో ఆడవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో ములుగు నుంచి సీతక్క ఒకరు. ఆవిడ 2004లో ఓడి, 2009లో గెలిచి, 2014లో మళ్ళీ ఓడి, 2018లో మళ్ళీ గెలిచారు. ఆ వరస చూశాక నాకొకటి తట్టింది. గెలవడం ఒక్కటే అనుభవం కాదు. ఓడినా మళ్ళీ రానివ్వడం కూడా అనుభవమే, మగవాళ్ళకి అది అడక్కుండానే దొరుకుతుంది. కూకట్‌పల్లిలో ఓడిన ఆవిడకి ఆ రెండో విడత రాలేదు. 2023లో ఆవిడ పార్టీ తెలంగాణలో అసలు పోటీయే చెయ్యలేదు. నా ఇంటర్వ్యూకి వచ్చినావిడకి కూడా రెండో విడత లేకుండా చేసింది నేను.

అందుకని ఆడవాళ్ళు ఆడవాళ్ళకే వెయ్యాలని ఇప్పుడు ఎవరికీ చెప్పను. అనుభవం చూసి వెయ్యమని కూడా చెప్పలేను. సందులో ఫ్లెక్సీల మీద కార్పొరేటరమ్మ పేరు పెద్దక్షరాల్లో ఉండి, పక్కన భర్తగారి బొమ్మ ఆవిడ బొమ్మకి రెండింతలుండటం చూస్తుంటాను. అలాగని గ్రేటర్‌లో సగం సీట్లు ఆడవాళ్ళకి పెట్టకపోతే ఆ చిన్న బొమ్మ కూడా ఉండేది కాదు. అనుభవం ఏదీ అని అడిగేవాళ్ళు, అది సంపాదించుకునే దారికి ఎవరు అడ్డంగా నిలబడ్డారో కూడా చూసుకోవాలి. ఒక్కోసారి అడిగేవాళ్ళే అడ్డం నిలబడి ఉంటారు, నాలాగా.

2019 ఏప్రిల్ 11న ఓటెయ్యడానికి గుడివాడ వెళ్ళాను. కేపీహెచ్‌బీ బస్టాపులో కాలు పెట్టే సందు లేదు. గుడివాడలో రెండు పెద్ద పార్టీల అభ్యర్థులూ మగవాళ్ళే. ఓటేసి, పెరుగన్నం తిని, రాత్రి బస్సెక్కాను. ఆడమనిషి ఎవరూ లేరే అన్న సంగతి మియాపూర్‌లో దిగేదాకా గుర్తే రాలేదు.

ఆ తర్వాత ఓటు ఇక్కడికి మార్చుకున్నాను. ఈసారి ఫొటో సైజు తగ్గించాను. 2023 నవంబరు 30న అదే స్కూలు. మామూలు కాటన్ చీర, చేతిలో స్లిప్పు, జాబితాలో పేరు. ఆడవాళ్ళకి 33 శాతం సీట్ల బిల్లు పార్లమెంటులో గెలిచి రెండు నెలలైంది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలట. లోపల మిషన్ ముందు నిలబడితే, కూకట్‌పల్లిలో గట్టిగా పోటీలో ఉన్న ముగ్గురూ మగవాళ్ళే. పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు. బీప్ వినపడింది. బయటికొచ్చాను.

ఇంటికొచ్చేసరికి పాలమూరక్క పని మొదలుపెట్టేసింది.

"ఈసారి ఏం చెప్తలేరేందమ్మా?"

"చెప్పడానికేం లేదక్కా."

"లిస్టుల పేరైతే ఉన్నదా?"

వేలు చూపించాను. దగ్గరికొచ్చి, తడిచేత్తో నా వేలు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"గంతే సాలు" అని వెళ్ళి కుక్కరు ముందుకి లాక్కుంది.